దొరకలేదని రాసిచ్చిన చీటీ

నాకు కోపం ఎక్కువ. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, మా ఇంట్లోవాళ్ళూ కాలేజీవాళ్ళూ వేరువేరుగా ఆలోచించి ఒకే చోటికి వచ్చి తేల్చిన మాట. నరసరావుపేటలో ఒక ఫార్మసీ కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. కొన్నేళ్ళ క్రితం తనిఖీ బృందం వస్తోందంటే మా ప్రిన్సిపాల్ లైబ్రరీ గుమ్మం పక్కన ఒక టేబుల్ వేయించి, 'మందుల సమాచార కేంద్రం, ప్రజలకు ఉచితం' అని ఫ్లెక్సీ కట్టించాడు. తనిఖీవాళ్ళు ఫోటో తీసుకుని, జీడిపప్పు తిని వెళ్ళిపోయారు. ఫ్లెక్సీ విప్పడం ఎవరికీ గుర్తు లేదు. అది చూసి జనం రావడం మొదలుపెట్టారు, వాళ్ళకు జవాబు చెప్పే పని నా నెత్తిన పడింది.

వాళ్ళు ఎలా అడుగుతారో చెబితే మీకు నవ్వొస్తుందేమో, నాకు రాదు. మాత్రల షీటు తెస్తారు, సరిగ్గా పేరున్న చోట కత్తిరించి ఉంటుంది. "తెల్లగా ఉంటదమ్మా, సన్నది, పొద్దున్నే ఏసుకునేది" అంటారు. తెల్లగా సన్నగా ఉండని మాత్ర ఏదో వాళ్ళే చెప్పాలి. మా తోడికోడలికి, మా పక్కింటాయనకి అని మొదలుపెడతారు. రెండు ప్రశ్నలు వేస్తే ఆ తోడికోడలు మన ఎదురుగానే కూర్చుని ఉంటుంది. షుగరు మాత్ర మానేసి కషాయం తాగొచ్చా అని ముందే వచ్చి అడిగేవాళ్ళు లేరు. మానేసి, తాగి, కాలు పుండు పడ్డాక వస్తారు. ఫోనులో వచ్చిన వీడియో నా మొహానికి ఆనించి "ఇది నిజమే గదా మేడం" అంటారు. కాదంటే, "మీరు ఇంగ్లీషు మందులోళ్ళు, అట్టనే అంటార్లే" అని మూతి తిప్పుకుని పోతారు. అంత తెలిసినవాళ్ళు ఎండలో అంత దూరం ఎందుకు వచ్చినట్టు?

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. దాన్ని నేను దీక్షగా పాటించేదాన్ని. మొదటిది, మనం సలహా చెప్పకూడదు. వేసుకో, మానెయ్ అనే మాట లైబ్రేరియన్ నోట రాకూడదు. పుస్తకంలో ఏముందో వెతికి చూపించాలి, మిగతాది డాక్టరు పని. రెండోది, ఒక్క పుస్తకం చూసి సరిపెట్టుకోకూడదు, కనీసం మూడు చోట్ల చూడాలి. మూడోది, అడిగినవాళ్ళ పేరూ ఊరూ రాసుకోకూడదు. మనిషి జబ్బు మనిషి సొంతం. ఈ మూడోదంటే నాకు ప్రత్యేకమైన గర్వం. మెడికల్ షాపులో నిలబడి తన జబ్బు పేరు నలుగురి ముందు అరవాల్సిన ఊళ్ళో, నా టేబుల్ దగ్గర ఆ అవసరం లేదని చెప్పుకునేదాన్ని.

ముద్ర మాత్రం పద్ధతిలో లేదు, జనం తెచ్చిపెట్టారు. దొరికిన సమాచారం ఒక చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "ముద్ర ఏయలేదే?" అనేవారు. ఎమ్మార్వో ఆఫీసు కాగితమైనా, కోర్టు కాగితమైనా, ముద్ర లేకపోతే మా వైపు ఎవరూ లెక్కచేయరు. ముద్ర లేని చీటీని గుమ్మం దాటగానే నలిపి పారేసేవారు. పొద్దున్నే ఊడ్చే ఆవిడ వాటిని గుప్పెడు తెచ్చి నా టేబుల్ మీద పోసింది. ఒళ్ళు మండి, లైబ్రరీ పుస్తకాల మీద వేసే గుండ్రటి ముద్ర తీసి చీటీల మీద కొట్టడం మొదలుపెట్టాను. ఆ తర్వాత ఒక్క చీటీ కూడా నేలమీద కనపడలేదు. నేను గెలిచాననుకున్నాను.

మిరప కోతల రోజుల్లో ఒకామె వచ్చింది. అరవై దగ్గర ఉంటాయి. చేతులు మిరపకాయలు కోసి కోసి ఎర్రగా పొక్కి ఉన్నాయి. ఎవరి కోసమో అని అబద్ధం చెప్పకుండా, తిన్నగా తన కోసమే అని చెప్పింది. అందుకే ఆమె నాకు నచ్చింది.

"బొల్లాపల్లి అవతల మాది. గుండెకి ఆపరేషన్ జేసి లోపల ఏందో ఇనప బిళ్ళ పెట్టారమ్మా. చెవి దగ్గర పెడితే టిక్కుటిక్కుమంటది. రక్తం పలచబడే మాత్ర రోజూ ఏసుకోమన్నారు. ఏసుకుంటన్నా. మోకాళ్ళే, కూసుంటే లేవలేకపోతన్నా. ఈ పొడి ఏసుకుంటే నెలలో పరిగెత్తుతావన్నాడు బస్టాండు కాడ మూలికల షాపాయన. ఏసుకోవచ్చా?"

పొడి డబ్బా టేబుల్ మీద పెట్టింది. దాని మీద ఇరవై ఒక్క మూలికలు అని పెద్దక్షరాలతో ఉంది. కింద ఐదు పేర్లు వేసి, పక్కన 'మొదలైనవి' అని రాశారు. నేను పద్ధతి ప్రకారమే పోయాను. మాత్ర పేరు చూశాను, ఎంత మోతాదో అడిగాను, నెలనెలా రక్తం పరీక్ష చేయించుకుంటున్నావా అని అడిగాను. కోతలకు పోతే కూలి దొరుకుతుందని రెండు నెలలుగా చేయించుకోలేదంది. అది విని తిట్టాను. తల వంచుకుంది. తర్వాత పుస్తకాలు తీశాను. ఆ ఐదింటిలో రెండు పేర్లు ఏ మొక్కవో కూడా తేలలేదు. మిగిలిన మూడూ ఉన్నాయి గానీ, ఈ మాత్రతో కలిపి వాడితే ఏమవుతుందో ఎవరూ చూసినట్టు లేదు. కంప్యూటర్‌లోనూ అంతే.

చీటీ రాశాను. 'డబ్బాపై ఇచ్చిన ఐదు మూలికలకూ, ఈ మాత్రకూ మధ్య చర్య గురించిన సమాచారం మా వద్ద ఉన్న పుస్తకాల్లో దొరకలేదు. వాడే ముందు మీ వైద్యుని సంప్రదించండి.' చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. "ఏమీ దొరకలేదా అమ్మా?" అంది. దొరకలేదన్నాను. ఆమె మొహం విప్పారింది.

ఆ మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది. నేను అపార్థం చేసుకోలేదు, దొరకలేదంటే చెడేమీ లేదని ఆమె అనుకుందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆ మిగిలిన పదహారు మూలికలు ఏమిటో దేవుడికే తెలియాలి, అది నోట్లో వేసుకోవద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సలహా చెప్పకూడదు గదా, మింగేశాను. పైగా అప్పటికి పొద్దుటినుంచీ ముగ్గురు నాతో పోట్లాడి వెళ్ళారు. ఒక్క మనిషి సంతోషంగా లేచి వెళుతుంటే ఆపబుద్ధి కాలేదు. డాక్టరుని అడగండి అని మళ్ళీ అన్నాను. ఆ డాక్టరు గుంటూరులో ఉన్నాడు. ముద్ర కొట్టి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, రవికలో పెట్టుకుని వెళ్ళింది.

పది రోజులు గడిచాయేమో, ఒక పెద్దాయన వచ్చి నా ఎదురుగా అదే డబ్బా పెట్టాడు. "ఇది మంచిదని మీరు రాసిచ్చారంట గదా. షుగరుకి గూడా పనిచేస్తదా?" అన్నాడు. నేను ఎవరికీ ఏదీ మంచిదని రాసివ్వలేదన్నాను. "షాపులో పెట్టాడమ్మా నీ కాయితం. అందరికీ జూపిస్తన్నాడు" అన్నాడు. టేబుల్ వదిలేసి ఆటో ఎక్కాను.

బస్టాండు వెనక సందులో ఆ షాపు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, కౌంటర్ మీద అగరొత్తులు. షాపతనికి నలభై ఉంటాయి. నన్ను చూడగానే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు చిర్రెత్తుకొచ్చింది. కౌంటర్ అద్దం కింద నా చీటీ ఉంది, లామినేషన్ చేయించాడు.

"ఆ కాగితం తియ్యండి" అన్నాను.

"ఎందుకు మేడంగారూ? మీ అక్షరాలే గదా. నేనేమన్నా మార్చానా?"

"మంచిదని నేను రాయలేదు. సమాచారం దొరకలేదని రాశాను."

"నేనూ అదే చెబుతన్నా. అంత పెద్ద కాలేజీలో పుస్తకాలన్నీ ఎతికినా దీని గురించి ఒక్క చెడ్డ ముక్క దొరకలేదు. ఇంతకన్నా ఏం గావాలి జనానికి?"

వాడు ఒక్క అక్షరం అబద్ధం చెప్పలేదు. అదే నా కడుపులో మంట. "ఆమెను నా దగ్గరికి నువ్వే పంపావా?" అన్నాను. మీరు కాస్తా నువ్వు అయింది, వెనక్కి తీసుకోలేదు.

"అనుమానం పడింది పాపం. అనుమానం ఉంటే కాలేజీలో అడిగి రా అన్నా, అడిగొచ్చి ఈ కాయితం నాకే ఇచ్చింది. తప్పా?"

"ఆమె ఏ ఊరు? పేరేంటి?"

"కస్టమర్ల సంగతులు బయట చెప్పకూడదు గదండీ. మీరు గూడా పేర్లు రాయరంట గదా, ఆమే చెప్పింది. మంచి పద్ధతి."

అద్దం పైకెత్తి చీటీ లాక్కున్నాను. చించబోయాను. లామినేషన్ చేసిన కాగితం చేత్తో చిరగదని నాకు అప్పుడు తెలిసింది. మెలిపెట్టాను, వంచాను, పళ్ళతో కొరకడం ఒక్కటే తక్కువ. పొడి కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. "కత్తెర ఇమ్మంటారా?" అన్నాడు వాడు. ఇచ్చాడు కూడా. నేను ముక్కలు చేస్తుంటే, "ఫోనులో ఫోటో ఉందిలెండి" అన్నాడు నెమ్మదిగా.

తిరిగొచ్చి ప్రిన్సిపాల్ గదిలోకి పోయాను. అంతా విని, "మనం సమాచారం లేదనే గదా రాశాం. మనకు వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. వాళ్ళతో గొడవ పెట్టుకోకండి మేడం" అన్నాడు. ఆమె ఏమైపోతుందని అడిగాను. "డాక్టరుని అడగమని కూడా రాశారు గదా?" అన్నాడు. అవును, రాశాను. చేతులు కడుక్కోవడానికి ఎన్ని నీళ్ళు కావాలో అన్నీ ఆ చీటీలో ఉన్నాయి, నేనే పోసి పెట్టాను.

ఆమెను ఎలాగైనా పట్టుకోవాలి. పొడి మాన్పించి రక్తం పరీక్ష చేయించాలి. పలచబడ్డ రక్తం ఇంకా పలచబడితే మనిషి లోపల్లోపలే కారిపోతుంది. కానీ నా దగ్గర పేరు లేదు, ఫోన్ నంబరు లేదు, ఊరు లేదు. బొల్లాపల్లి అవతల అంటే ఎన్ని ఊళ్ళు! నా గర్వాన్ని నేనే తిట్టుకున్నాను. ఆ మూడో నియమాన్ని తీసి గట్టు మీద పెట్టి, ఆ మండలంలో నాకు తెలిసిన ఒక ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాను. గుండెకు ఆపరేషనైన ఫలానా వయసు ఆడమనిషి, మోకాళ్ళ నొప్పి, పొడి వాడుతోంది అని ఆమె జబ్బంతా చెప్పేశాను. ఆవిడ ఇంకో నలుగురికి చెప్పింది. సాయంత్రం కాకుండానే ఊరు తెలిసింది. అప్పటిదాకా గుట్టుగా ఉన్న ఆమె ఆపరేషన్ సంగతి ఐదు ఊళ్ళకు పాకింది. అదీ నా నిర్వాకమే.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, దిగి, ఆటో పట్టుకుని వెళ్ళాను. కొడుకూ కోడలూ కల్లంలో ఉన్నారు. ఆమె వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. పళ్ళ చిగుళ్ళు నల్లగా రక్తం కట్టి ఉన్నాయి. మోచేతుల దగ్గర్నుంచి మణికట్టు దాకా కమిలిన మచ్చలు.

"ఏంది తల్లీ, ఇంత దూరం వచ్చినావు? మోకాళ్ళు చానా నయం. చూడు, లేస్తన్నా" అని లేవబోయి, తూలి మంచం పట్టె పట్టుకుంది.

"ఈ మచ్చలేంటి?"

"చెడ్డ రక్తం బయటికి పోతందన్నాడు. పోయిందాకా ఏసుకోమన్నాడు."

"నల్లగా విరేచనం అవుతోందా?"

"మూడు రోజులనుంచి. అదీ చెడ్డదేనంట, పోవాల్నంట."

లోపల రక్తం కారుతోందన్నమాట. కోడలిని కల్లం నుంచి పిలిపించి తోడు తీసుకుని, పొడి డబ్బా సంచిలో వేసుకుని, ఆమెను ఆటోలో పడుకోబెట్టి నరసరావుపేట తీసుకొచ్చాను. దారిపొడుగునా నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. భయం వేస్తే నాకు కోపం రూపంలోనే బయటికొస్తుంది. "బుద్ధుందా నీకు? ఒళ్ళంతా కమిలిపోతుంటే ఒక్క మనిషికి చెప్పాలని తెలియదా? వాడెవడో చెబితే నమ్మేస్తావా?" అని కేకలేశాను. కోడలు బిత్తరపోయి చూసింది. ఆమె మాత్రం శాంతంగా, "వాణ్ణి నమ్మలేదు తల్లీ. నమ్మితే నీ కాడికి ఎందుకొస్తా? నువ్వు ముద్ర ఏసినావు గదా. ముద్ర ఏశారంటే ఏసుకోమనే గదా. అందుకే ధైర్యంగా ఏసుకున్నా" అంది.

ఆటో అతన్ని ఇంకా తొందరగా పొమ్మన్నాను.

ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. గడ్డకట్టడానికి పట్టే సమయం ఎక్కడికో పోయింది. అప్పటికప్పుడు ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం ఎక్కించారు. నేను కాలేజీ మందుల సమాచార కేంద్రం నుంచి వచ్చానని చెప్పి, పొడి డబ్బా డాక్టరు చేతిలో పెట్టి, మాత్ర ఏమిటో, ఎన్ని రోజులుగా పొడి వాడుతోందో, పరీక్ష ఎప్పటినుంచి చేయించుకోలేదో వరసగా చెప్పాను. ఆ అబ్బాయి చిన్నవాడు, మంచి డాక్టరు. "ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు మేడం. సమయానికి తెచ్చారు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కోడలు టీ తేవడానికి కిందకు పోయింది. డాక్టరు వచ్చి కేస్ షీటు తిరగేసి, చేతి మీద మచ్చలు నొక్కి చూసి, అప్పుడు కోప్పడ్డాడు. ప్రాణానికి ఏమీ లేదని తేలాక వచ్చే కోపం అది, నాకు బాగా తెలిసిందే.

"ఏంటమ్మా నువ్వు? గుండెలో వాల్వు పెట్టించుకుని, కనపడిన పొడల్లా వేసుకోవడమేనా? ఎవరు చెప్పారు వేసుకోమని? వేసుకునే ముందు ఎవరినన్నా అడిగావా?"

ఆమె నా వైపు చూసింది. ఒక్క క్షణమే. నా మొహంలో ఏం కనపడిందో నాకు తెలియదు గానీ, ఆమెకు కనపడింది.

"ఎవుర్నీ అడగలేదు బాబూ" అంది. "నా అంతట నేనే ఏసుకున్నా."

"అదే మీతో వచ్చిన చిక్కు. చదువుకున్నవాళ్ళను ఒక్క మాట అడగరు." డాక్టరు నన్ను చూపించాడు. "ఇదిగో, ఊళ్ళో ఇలాంటి మేడంగారు ఉన్నారు. ఉచితంగా చెబుతారు. ఒక్కసారి వెళ్ళి అడిగి ఉంటే ఈమె వద్దనకపోయేవారా?"

"తప్పే బాబూ" అంది ఆమె, తల వంచుకుని.

నాలుగేళ్ళుగా ఆ టేబుల్ దగ్గర కూర్చుని ఊరందరి మీదా నోరు పారేసుకున్నదాన్ని. షాపువాడి మీద, ప్రిన్సిపాల్ మీద, ప్రాణం పోతున్న ఈమె మీద కూడా ఆటోలో అరిచాను. ఇప్పుడు చెప్పాల్సింది ఒక్క ముక్క. ఈమె అడిగింది డాక్టర్‌గారూ, నన్నే అడిగింది, నేనే రాసిచ్చాను. అంతే. డాక్టరు నా ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడి, కేస్ షీటు మీద ఏదో రాసుకుంటున్నాడు. తీరిగ్గానే రాశాడు, నాకు కావాల్సినంత సమయం ఇచ్చాడు. రాయడం అయ్యాక పెన్ను జేబులో పెట్టుకుని, నాకు నమస్కారం చేసి, పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.